ఎండల్లో తోట: ముందు ఎవరికి నీళ్ళు?



రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మే నెల చివరి వారంలో మొదలై మృగశిర ప్రవేశించేదాకా సాగే ఆ రెండు వారాలూ తోట ఉన్నవారికి పరీక్షాకాలం. ఇప్పుడు ఆ పరీక్ష రోహిణి దాకా కూడా ఆగడం లేదు. మార్చి నెలలోనే గొడుగు తీస్తున్నాం, ఏప్రిల్‌లోనే వడగాడ్పు వీస్తోంది. మైదాన ప్రాంతాల్లో వేడి 45 డిగ్రీలకు చేరితే వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా లెక్కిస్తుంది. 47కు చేరితే తీవ్రమైన వడగాలి అంటుంది. పల్నాటి రెంటచింతల వారికీ, రామగుండం వారికీ ఈ అంకెలు కొత్త కాదు.

ఇలాంటి రోజుల్లో తోట యజమానికి ఎదురయ్యే ఒక ప్రశ్నను ఈ వారం మీ ముందు ఉంచుతున్నాను. చూడ్డానికి ఇది వ్యవసాయపు ప్రశ్న. కొంచెం లోతుకు వెళితే మనస్సాక్షికి సంబంధించిన ప్రశ్న.

మీకు ఊరి బయట ఐదెకరాల తోట ఉందనుకోండి. తాతలనాటి మామిడి చెట్లు ఒక నలభై. రెండెకరాల్లో రెండు వందల బత్తాయి చెట్లు. అర ఎకరంలో నిమ్మ. గట్ల వెంబడి కొబ్బరి. కిందటి శ్రావణంలో నాటిన లేతమొక్కలు ఒక వంద. ఇంటి ముందు మల్లెపొదలు, కాస్త పచ్చగడ్డి. పెరట్లో వంగ, బెండ, ఆకుకూరలు. మూలన ఒక చింత, రెండు వేపలు. వీటన్నిటికీ ఉన్నది ఒక్కటే బోరు. సంక్రాంతి రోజుల్లో ఎంతసేపు ఆడించినా ధార తగ్గని బోరు ఇప్పుడు కాసేపు పోసి, ఆ తర్వాత గాలిని కక్కుతోంది. రోజంతా ఆపి ఆపి ఆడిస్తే ఇరవై వేల లీటర్లు వస్తున్నాయి. వానకు ఇంకా నలభై రోజులుంది. నీళ్ళు అన్నిటికీ చాలవు. మరి ముందు ఎవరికి?

అన్నిటికీ సమానంగా పంచుదామా?

మంచి మనసున్నవారికి మొదట తోచే జవాబు ఇదే. పిల్లలందరికీ ఒకే గరిటెతో వడ్డించే తల్లిలాగా అన్ని మొక్కలకూ ఒకే పాళ్ళలో పోద్దామనుకుంటాం. కాని ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఎకరానికి సుమారు 4,047 చదరపు మీటర్లు. ఐదెకరాలంటే ఇరవై వేల పైచిలుకు. చదరపు మీటరు నేల మీద ఒక లీటరు పోస్తే నిలిచే నీరు ఒక మిల్లీమీటరు మందం. అంటే మన ఇరవై వేల లీటర్లను తోటంతా సమానంగా చల్లితే, నేలకు అందేది ఒక్క మిల్లీమీటరు. గోరు మందం కంటే కాస్త ఎక్కువ. పొద్దున పోసిన ఆ తడి పది గంటలయ్యేసరికి ఆవిరైపోతుంది. ఏ చెట్టు వేరుకూ ఒక చుక్క దిగదు. పైపెచ్చు రోజూ పైపైన తడి తగలడం వల్ల పీచువేర్లు నీటికోసం పైకే పాకుతాయి, అక్కడ కాలే మట్టిలో మాడిపోతాయి.

కాబట్టి అందరికీ సమానంగా ఇచ్చాననే తృప్తి యజమానికి మిగులుతుంది, తోటకు మాత్రం ఏమీ మిగలదు. సమానత్వం గొప్ప మాటే. కాని కొరత వచ్చినప్పుడు ఆ మాట వెనుక దాక్కుని, నిర్ణయం తీసుకునే బాధ్యతనుంచి తప్పించుకునే ప్రమాదం కూడా ఉంది. ఎవరికీ అన్యాయం చేయలేదని చెప్పుకోవడానికి అందరినీ చావనివ్వడం న్యాయం కాదు.

ఎక్కువ రాబడి ఇచ్చేదానికి పోద్దామా?

లోకం చెప్పే జవాబు ఇది. నిమ్మకాయకు ధర పలికేది వేసవిలోనే. గూడూరు, తెనాలి, ఏలూరు మార్కెట్లు ఎరిగిన వారికి ఈ సంగతి తెలుసు. వానాకాలంలో కోసిన కూలి కూడా గిట్టని కాయ, ఎండల్లో బంగారమవుతుంది. అప్పుడు ఉన్న నీళ్ళన్నీ నిమ్మకు మళ్ళించాలని ఎవరికైనా అనిపిస్తుంది. అందులో తప్పేముందని కూడా అనిపిస్తుంది.

కాని ఈ జవాబులో ఒక చిక్కుంది. రాబడిని చూసే కన్ను ఒక ఏడాదినే చూస్తుంది. మన మామిడి తోటల్లో కాపును గుత్తకు ఇచ్చే అలవాటు ఉంది కదా. పూత మీదో, పిందె మీదో వ్యాపారి వచ్చి ధర కట్టి, ఆ ఏటి కాపు కొనుక్కుంటాడు. ఆయనకు కావలసింది కాయ. కాయ కోసి లారీకి ఎత్తాక చెట్టు ఏమైపోయినా ఆయనకు నష్టం లేదు. యజమానికి కావలసింది చెట్టు. అది ఇంకా నలభై ఏళ్ళు కాయాలి. ఒకే చెట్టు కింద నిలబడి ఇద్దరూ రెండు వేర్వేరు వస్తువులను చూస్తున్నారు. గుత్తదారును నేను తప్పుపట్టడం లేదు. ఆయన పెట్టుబడి ఆయనది, ఆయన అప్పు ఆయనది. నా బాధల్లా యజమానే తన తోటను గుత్తదారు కన్నుతో చూడడం మొదలుపెట్టినప్పుడు.

తోటలోనే కాదు, కుటుంబాల్లోనూ ఇదే జరుగుతుంది. సంపాదించే కొడుకు కంచంలో నెయ్యి, మంచం పట్టిన పెద్దదిక్కుకు మాత్రం ఉట్టి గంజి. ఇంట్లో డబ్బు కొరతగా ఉన్న ఏడాది, ఏ బిడ్డ చదువు ఆగిందో చూస్తే ఆ ఇంటివారు ఎవరి కన్నుతో చూశారో తెలుస్తుంది.

ఎక్కువ వాడినదానికి పోద్దామా?

మూడో జవాబు జాలిది. మధ్యాహ్నం రెండు గంటలకు తోటలోకి వెళ్ళి చూడండి. బెండ ఆకులు గొడుగు ముడిచినట్టు వేలాడుతుంటాయి. వంగమొక్క తల వాల్చేసి ఉంటుంది. ప్రాణం పోతోందని మనసు కొట్టుకుంటుంది, వెంటనే బిందె ఎత్తుకుంటాం. కాని అనుభవం ఉన్న తోటమాలి ఆ వేళ ఏ తీర్పూ చెప్పడు. ఆకు మీదున్న సన్నటి రంధ్రాల గుండా నీరు ఆవిరిగా పోతూ ఆకును చల్లబరుస్తుంది. వేరు పైకి పంపే నీటికంటే ఆవిరై పోయే నీరు ఎక్కువైనప్పుడు ఆకు వాలుతుంది. వాలిన ఆకు మీద ఎండ నిటారుగా పడదు. ఆ మేరకు అది తనను తాను కాపాడుకుంటోందన్నమాట. సాయంత్రం చల్లబడ్డాక అదే మొక్క తేరుకుని నిలబడుతుంది. తెల్లవారుజామున కూడా తల ఎత్తలేకపోయిన మొక్కే నిజంగా దాహంతో ఉన్న మొక్క.

కనుక జాలికి కూడా సమయం తెలియాలి. గట్టిగా ఏడ్చినవారికే పెట్టే చెయ్యి, ఏడవలేని వారిని మరిచిపోతుంది. బత్తాయి చెట్టు బెండమొక్కలాగా మధ్యాహ్నానికే తల వాల్చి చూపించదు. చాలా రోజులు పచ్చగానే కనిపిస్తుంది. తర్వాత ఆకు చివర్లు ముడుచుకుంటాయి, కొమ్మలు కొసలనుంచి ఎండుకుంటూ వస్తాయి. అది మన కంటికి ఆనేసరికి చాలావరకు ఆలస్యమైపోయి ఉంటుంది.

మనం ఎవరికి బాకీ ఉన్నాం?

సమానత్వం చాలలేదు, లాభం చాలలేదు, జాలి కూడా చాలలేదు. మరి దేన్ని ఆధారం చేసుకోవాలి? నాకు తోచినది చెబుతాను, మీరూ ఆలోచించండి.

మూలనున్న వేపను చూడండి. దాన్ని ఎవరూ నాటలేదు. ఏ కాకో పండు తిని వేసిన గింజ. అది మన నీళ్ళను నమ్ముకుని పెరగలేదు. ఏ వేసవిలోనూ మన వంక చూడలేదు, చూడనవసరం లేదు. చింత కూడా అంతే. తాతలనాటి మామిడి ఒకప్పుడు మన తాతగారి కావడి నీళ్ళు తాగిందే కాని, ఇప్పుడు దాని వేళ్ళు లోతుకు దిగాయి. కాయ చిన్నదవుతుందేమో, పిందె రాలుతుందేమో, ప్రాణానికి మాత్రం ఢోకా లేదు. వీటికి మనం ఇప్పుడు బాకీ లేము.

కిందటి శ్రావణంలో నాటిన వంద లేతమొక్కల సంగతి వేరు. వాటిని నర్సరీ నీడనుంచి తెచ్చి ఎండలో నిలబెట్టింది మనం. వాటి వేరు ఇంకా మూరెడు దిగలేదు. రెండు వందల బత్తాయి చెట్లూ అంతే. వానలు తక్కువ పడే నేలల్లో, బోరు ఉంది కదా అన్న ధైర్యంతో వాటిని పెట్టింది మనం. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. బోరు లేకపోతే అక్కడ బత్తాయి తోట అనే మాటే లేదు. ఆ చెట్టు మన మాట నమ్ముకుని బతుకుతోంది. మనం ఎవరినైతే మన మీద ఆధారపడేలా చేశామో, వారికే మనం ముందుగా బాకీపడ్డాం. వారిలోనూ ఒక్క తడి తప్పితే మళ్ళీ లేవలేని వారికి మొదటి వంతు. తోటలో నీటి వరుసను నిర్ణయించే న్యాయం ఇదేనని నా నమ్మకం.

ఈ న్యాయంతో మళ్ళీ లెక్క వేద్దాం. వంద లేతమొక్కలకు తలా ఇరవై లీటర్లు పోస్తే రెండు వేల లీటర్లు. బత్తాయిలో సగం చెట్లకు ఈరోజు, మిగతా సగానికి రేపు, తలా వంద లీటర్ల చొప్పున పోస్తే రోజుకు పదివేలు. ఇంకా ఎనిమిది వేల లీటర్లు మిగిలాయి. ఇంటివారికి, పనివారికి, పశువులకు, పెరటి కూరలకు తీయగా మిగిలినది నిమ్మకు, కొబ్బరికి. ఒక మిల్లీమీటరుగా ఆవిరైపోయిన నీరే ఇప్పుడు మూడు వందల ప్రాణాలను నిలబెడుతోంది. పచ్చగడ్డి మాత్రం ఎండిపోతుంది. ఎండనివ్వండి, వానలకు మళ్ళీ చిగురిస్తుంది. చిగురించకపోతే, ఈ నేలలో అది మన అవసరం కోసం కాక ఆడంబరం కోసం పెట్టినదని ఒప్పుకుందాం.

పోసే నీటిని నిలుపుకోవడం కూడా ఈ బాకీలో భాగమే. మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ అంచు ఎక్కడ పడుతుందో చూసుకుని, పాదు అక్కడ తీయాలి. నీరు పీల్చే పీచువేర్లు ఎక్కువగా ఉండేది అక్కడే, మొదలు దగ్గర కాదు. పాదులో ఎండుటాకులు, వరిగడ్డి, వేరుశనగ పొట్టు జానెడు మందాన పరిస్తే ఎండ మట్టిని తాకదు. లేతమొక్క పక్కన గాజుపూత లేని మట్టికుండను మెడదాకా పాతి నీరు నింపితే, ఆ నీరు ఊరుతూ వేరుకే అందుతుంది. పడమటి వైపున కొబ్బరాకుల దడి కడితే పొద్దువాలే వేళ వడగాడ్పు ఆగుతుంది. చెట్టు మొదలుకు సున్నం పూస్తే బెరడు పగలదు. ఈ రోజుల్లో ఎరువు వేయకూడదు. దాహంతో ఉన్నవాడికి ఉప్పు పెట్టినట్టవుతుంది. ఇవేవీ పెద్ద ఖర్చు పనులు కావు. శ్రద్ధ ఒక్కటే కావాలి.

చెట్టుకంటే ముందు చెయ్యి

ఇంతవరకు చెట్ల గురించే మాట్లాడుకున్నాం. ఆ నీళ్ళు మోసే చేతుల సంగతి ఏమిటి?

పత్రికలో 44 డిగ్రీలని చదువుతాం. ఆ 44 ఎక్కడ కొలిచారో మీకు తెలుసా? గాలి ఆడేలా పలకలు అమర్చిన తెల్లటి చెక్కపెట్టెలో, నేలకు మనిషి ఛాతీ ఎత్తున, నీడలో. ఎండలో వంగి పాదు తీస్తున్న కూలిమనిషి వీపు మీద పడే వేడి ఆ అంకెలో లేదు. కాలే మట్టినుంచి ఆమె ముఖానికి కొట్టే సెగ ఆ అంకెలో లేదు. 2003లోనూ, 2015లోనూ వడగాలులకు మన తెలుగునాట వెయ్యిమందికి పైగా మరణించారు. వారిలో ముసలివారు ఉన్నారు, ఎండలో పనికి వెళ్ళక తప్పని కూలీలూ ఉన్నారు.

చెట్టుకు చాలా రోజులు నీరు తప్పితే ఆకు రాలుస్తుంది. మనిషికి చెమట పట్టడం ఆగిపోయి ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే కొద్ది గంటల్లో ప్రాణం పోవచ్చు. మాట తడబడినా, కళ్ళు తిరిగినా, ఒళ్ళు పొయ్యిలా కాలుతున్నా వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డలు కప్పి, విసురుతూ, 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు. ఇది తోట ఉన్న ప్రతి ఇంటివారూ తెలుసుకుని తీరవలసిన విషయం. ఇంకొక సంగతి. ఒళ్ళు ఎండకు అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. కొత్తగా పనిలో చేరినవారికీ, పట్నంనుంచి సెలవులకు వచ్చి ఉత్సాహంగా పార పట్టిన కుర్రవాడికీ ప్రమాదం ఎక్కువ.

"ఏమ్మా, ఇంకా రెండు సాళ్ళే కదా, అవి కూడా తడిపేసి పోరాదూ?" అని పదకొండు గంటలకు మనం అడుగుతాం. "అట్టాగేనండీ" అంటుంది ఆమె. ఆ జవాబులో ఒప్పుదల ఎంత, రేపటి కూలి పోతుందన్న భయం ఎంత? తన ఒంటి సంగతి ఆమెకు తెలుసు. కాదనే స్వేచ్ఛ ఆమెకు లేదు. కాదనలేని మనిషిని అడగడమే ఒక్కోసారి అన్యాయం. అందుకే ఆ ప్రశ్న ఆమె ముందుకు రాకుండా చూడవలసింది యజమానే. తెల్లవారుజామున ఐదింటికి పని మొదలుపెట్టి పదింటికల్లా ముగించాలి. కావాలంటే పొద్దువాలాక మళ్ళీ మొదలుపెట్టాలి. చెట్టు కింద కుండెడు నీళ్ళు, మజ్జిగో అంబలో, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళో సిద్ధంగా ఉంచాలి. పని గంటలు తగ్గాయని కూలి తగ్గించకూడదు.

చివరి మాట కొందరికి రుచించకపోవచ్చు. గంటలు తగ్గితే పని తగ్గదా అంటారు. తగ్గుతుంది. కాని మే నెలలో తీసిన బారెడు కాలువ, డిసెంబరులో తీసిన బారెడు కాలువతో సమానం కాదు. ఉపాధి హామీ పథకంలో మన తెలుగు ప్రాంతాల్లో ఎన్నో ఏళ్ళు ఈ సత్యాన్ని ఒప్పుకున్నారు. ఏప్రిల్, మే నెలల్లో 30 శాతం వరకు వేసవి భత్యం కలిపి లెక్క కట్టేవారు. ప్రభుత్వ లెక్కలకు అర్థమైన ఈ విషయం మన మనసుకు అర్థం కాకూడదా?

పక్కవాడి బావి

చెట్లకు ముందు చేతులు. ఆ చేతులతోపాటు తలచుకోవలసినది పక్కవాడి బావి.

నీళ్ళు చాలని ఏడాది మన మొదటి ఆలోచన బోరును ఇంకా లోతు చేయడం. మూడు వందల అడుగులు చాలకపోతే ఆరు వందలు, అదీ చాలకపోతే వెయ్యి. అప్పుచేసి దించుతాం. నీరు పడితే పండగ చేసుకుంటాం. కాని ఆ నీరు మన సరిహద్దు రాయి చూసుకుని భూమిలో నిలబడి లేదు. మన మోటారు లాగినకొద్దీ, పక్క పొలంలో ఏ బోరూ వేసే తాహతులేని రైతు చేదబావి అడుగంటవచ్చు. మన బత్తాయి బతికింది. ఆయన గేదె దాహానికి మైలు దూరం నడుస్తోంది.

చట్టం కూడా ఈ విషయంలో మెల్లగానే కళ్ళు తెరిచింది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం తన నేల కింది నీటిని తోడుకోవడం భూమి యజమాని హక్కు. నూట ఇరవై ఏళ్ళ తర్వాత 2002లో వచ్చిన వాల్టా చట్టం ఆ హక్కుకు హద్దు గీసింది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి తవ్వరాదని చెప్పింది. 2015 మే నెలలో మన ప్రాంతం వడగాలులకు అల్లాడుతున్న రోజుల్లోనే, ఆ నెల 24న ఫ్రాన్సిస్ పోపుగారు సంతకం చేసిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖ కూడా సురక్షితమైన తాగునీరు ప్రతి మనిషికీ మౌలిక హక్కు అని గుర్తుచేసింది. అయితే ఏ చట్టమూ, ఏ లేఖా రాత్రి పదకొండింటికి మన మోటారు స్విచ్ దగ్గర నిలబడదు. అక్కడ నిలబడేది మన మనస్సాక్షి ఒక్కటే.

మన ఊళ్ళలో చలివేంద్రం పెట్టే సంప్రదాయం ఎంత గొప్పదో చూడండి. పందిరి కింద కుండ. దారిన పోయే ఎవరైనా వచ్చి తాగవచ్చు. నీ కులమేమిటి, నీ ఊరేమిటి, నువ్వు ఎందుకు పనికొస్తావు అని అక్కడ అడగకూడదు. దాహం ఒక్కటే అర్హత. ఇందాక మనం పక్కనపెట్టిన సమానత్వానికి అసలైన చోటు ఇదే. పంటకు పోసే నీటిలో వరుస ఉండాలి, గొంతు తడిపే నీటిలో వరుస ఉండకూడదు. తోట గుమ్మం దగ్గర ఒక కుండ, గోడమీద పిట్టలకు ఒక మూకుడు నీళ్ళు. రోజుకు ఇరవై వేల లీటర్లు తోడుకునే తోట ఈ రెండింటికీ పేదది కాదు.

నష్టం ఎవరితో మొదలవ్వాలి?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చాం. కొరత ఉన్నచోట ఎవరో ఒకరు నష్టపోక తప్పదు. ఆ నష్టం ఎవరితో మొదలవ్వాలి?

మామూలుగా లోకంలో నష్టం అడుగునుంచి మొదలవుతుంది. ముందు కూలిమనిషి ఒంట్లో సత్తువ పోతుంది. తర్వాత పక్కవాడి బావి పోతుంది. ఆ తర్వాత లేతమొక్కలు పోతాయి. అన్నీ పోయాక చిట్టచివర యజమాని కాపు పోతుంది. ఈ వరుసను తలకిందులు చేయడమే ధర్మం.

కరువు ముదిరినప్పుడు అనుభవం ఉన్న బత్తాయి రైతు ఒక కష్టమైన పని చేస్తాడు. చెట్టు మీదున్న పచ్చికాయలను తన చేతులతోనే తెంపి పారేస్తాడు. శీతకాలం పూత కాయగా మారి మేనాటికి చెట్టు మీద ఉంటుంది. వానాకాలంలో కోతకు రావలసిన కాపు అది. కాయ ఉంటే చెట్టు తన రసమంతా కాయకే పంపుతుంది. ఉన్న నీటితో కాయనూ చెట్టునూ రెండింటినీ నిలపలేమని తెలిసినప్పుడు ఆయన కాయను వదులుకుంటాడు. ఇంకా తప్పకపోతే కొమ్మలు కూడా కొంత తగ్గిస్తాడు. కోతలన్నీ తన రాబడి మీదే మొదలుపెడతాడు. తోటలో జరిగే పనులన్నిటిలోనూ ఇంతకన్నా గౌరవించదగినది నాకు కనబడదు.

"అప్పు ఎవరు తీరుస్తారండీ?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పిల్ల పెళ్ళికో, బోరుకో తెచ్చిన అప్పుకు ఆ కాయే ఆధారమైతే తెంపడం మాటలతో అయ్యే పని కాదు. ట్యాంకర్లతో నీళ్ళు కొని పోసి, చివరకు తోటా దక్కక అప్పూ తీరక కుంగిపోయిన కుటుంబాలను అనంతపురంలోనూ నల్లగొండలోనూ చూశాం. వారికి ఎవరూ నీతులు చెప్పనక్కరలేదు. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. తన మీద పడిన భారాన్ని తనకంటే బలహీనుడి మీదికి దించుకోవడం భారం తగ్గించుకోవడం కాదు. కూలి తెగ్గోసి, పక్క బావి ఎండగట్టి కాపాడుకున్న కాయ అప్పును తీర్చినా, మరొక బాకీని తెచ్చిపెడుతుంది. అలాగే, అలాంటి రైతు ఒంటరిగా కాయలు తెంపుకునే పరిస్థితి రాకుండా చూడవలసిన బాధ్యత ఊరికి ఉంది. బ్యాంకుకు ఉంది. ఆ పండు ధర ఒక్క రూపాయి పెరిగితే సణిగే మనకూ ఉంది.

మాట ఇచ్చేది వానల్లో

చివరగా ఒక్క మాట. వేసవిలో మనల్ని బాధపెట్టే నిర్ణయాల్లో చాలావాటిని నిజానికి మనం వానాకాలంలోనే తీసుకుంటాం. ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి మన మనసు పెద్దదవుతుంది. నర్సరీలో ఏ మొక్క చూసినా తెచ్చుకోవాలనిపిస్తుంది. గుంట తీసినంత సులభంగా నాటేస్తాం. నాటిన ప్రతి మొక్కకూ ఒక మాట ఇస్తున్నామని ఆ చల్లటి వానలో గుర్తుండదు. ఆ మాటకు సాక్ష్యం అడిగేది రోహిణి కార్తె.

కాబట్టి ఈ ఏడు వానలు పడ్డాక, గుంట తీసేముందు ప్రతి మొక్క దగ్గరా ఒక ప్రశ్న వేసుకోండి. మే నెలలో బోరు గాలి కక్కే రోజున, పనిమనిషి వీపు మాడకుండా, పక్కవాడి బావి ఎండకుండా, దీనికి ఇరవై లీటర్లు నేను పోయగలనా? పోయగలిగినన్నే నాటండి. మిగిలిన చోట వేప, చింత, నేరేడు లాంటివి వేయండి. మొదటి రెండు మూడు వేసవులు వాటికి చెయ్యందిస్తే చాలు, ఆ తర్వాత మన మీద ఆధారపడవు. గట్టు మీద కందకం తీసి, పడిన వాననీటిని నేలలోకి ఇంకించండి. చెరువుమట్టి తోలించండి. తోడుకున్న నీటిని భూమికి కొంతైనా తిరిగి ఇచ్చే మార్గాలివి.

పది మొక్కలు తక్కువ నాటినంతమాత్రాన తోట చిన్నదైపోదు. నిలబెట్టుకోగలిగినన్ని మాటలే ఇచ్చిన మనిషి చేతిలో అది పచ్చగా ఉంటుంది.